బాయి ఈతగాడి మొదటి ఇండోర్ ట్రయథ్లాన్: పేరివ్వడం నుంచి మర్నాడు మెట్లు దిగడం దాకా

నాకు ఈత నేర్పింది మా నాయన. మునుగోడు దిక్కు మా ఊళ్లో, వ్యవసాయ బావిలో, నడుముకు బెండ్లు కట్టి "ఆగం కాకు, కాళ్లాడియ్" అంటూ మెట్టు మీంచి ఒక్క తోపు తోశాడు. ఆ ఈతను నమ్ముకునే నలభై మూడేళ్ల వయసులో, నల్లగొండలో ఒక జిమ్ వాళ్లు పెట్టిన ఇండోర్ ట్రయథ్లాన్‌కు పేరిచ్చాను. ఈత వచ్చు, సైకిల్ వచ్చు, పరుగు ఎవరికి రాదు అనుకున్నాను. విజిల్ పడింది. నాలుగు లెంతులు (ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకసారి ఈదితే ఒక లెంతు) కొట్టి, గోడ పట్టుకుని తలెత్తి చూస్తే గడియారంలో రెండు నిమిషాలే అయ్యాయి. ఊపిరి అందడం లేదు. ఇంకా ఎనిమిది నిమిషాల ఈత, అరగంట సైకిల్, ఇరవై నిమిషాల పరుగు మిగిలున్నాయి.

పోటీ అయితే పూర్తి చేశాను. 24 మందిలో 17వ స్థానం. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో సగం ఒక్క ఫోన్ కాల్‌తో తప్పేవి. మిగతా సగం నాలుగు ఆదివారాల సాధనతో తప్పేవి. మొదటిసారి దిగేవాళ్లు నాలా గోడ పట్టుకుని వేలాడకుండా ఉండాలని అన్నీ వరసగా రాస్తున్నాను.

ముందు పోటీ లెక్క అర్థం చేసుకోండి

ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి. ఈ పేరుతో మొదటి పోటీ 1974లో అమెరికాలోని శాన్ డియాగోలో జరిగింది. 2000లో సిడ్నీలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అక్కడి దూరాలు 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఇవి చదివి మా ఆఫీసులో ఒకాయన పేరు వెనక్కి తీసుకున్నాడు. తొందరపడ్డాడు పాపం. ఇండోర్ పోటీలో లెక్క తిరగబడి ఉంటుంది. ఇక్కడ దూరం ఎవరికి వారిదే, సమయం మాత్రం అందరికీ ఒకటే.

చాలాచోట్ల కనిపించే పద్ధతి ఇది: స్విమ్మింగ్ పూల్‌లో 10 నిమిషాలు, స్పిన్ బైక్ (జిమ్‌లో ఒకేచోట నిలబడి ఉండే సైకిల్) మీద 30 నిమిషాలు, ట్రెడ్‌మిల్ (కాళ్ల కింద కదిలే బెల్టు) మీద 20 నిమిషాలు. ఈతకూ సైకిల్‌కూ మధ్య బట్టలు మార్చుకోవడానికి 10 నిమిషాలు, సైకిల్‌కూ పరుగుకూ మధ్య 5 నిమిషాలు ఇస్తారు. మొత్తం గంటంపావు. ఆ సమయంలో మీరు ఎంత దూరం ఈదారు, ఎంత తొక్కారు, ఎంత పరుగెత్తారు అనేదే ఫలితం. మా దగ్గర జరిగింది కూడా ఇలాగే.

దీనివల్ల కొత్తవాళ్లకు ఒక పెద్ద భయం పోతుంది. అందరూ వెళ్లిపోయాక మనం ఒక్కళ్లమే రొప్పుకుంటూ రావడం, వాలంటీర్లు కుర్చీలు సర్దుకుంటూ మనకోసం ఎదురుచూడటం ఇక్కడ ఉండదు. ఫస్టొచ్చిన కుర్రాడు, నేను ఒకే విజిల్‌కు ఆగాం.

అమెరికా, కెనడా లాంటి దేశాల్లో చలికి, మంచుకు బయట పోటీ పెట్టలేక ఇలా లోపల పెట్టుకుంటారు. మనకు ఆ పని ఎండ చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల్లో నల్లగొండ రోడ్డు మీద మధ్యాహ్నం సైకిల్ తొక్కమంటే ఎవరు తొక్కుతారు?

పేరిచ్చే ముందు ఒక ఫోన్ చేయండి

ఈ ప్రశ్నలు నేను అడగలేదు. మీరు అడగండి.

– పూల్ పొడవెంత? 25 మీటర్లా, 50 మీటర్లా, లేక రెండూ కాదా? మన జిల్లా పట్టణాల్లో కొలతకు కట్టని పూల్స్ కూడా ఉంటాయి. సాధనలో మీరు లెక్కపెట్టుకున్న లెంతులకు అర్థం ఉండాలంటే ఇది తెలియాలి.

– విజిల్ పడేసరికి పూల్ మధ్యలో ఉంటే ఆ సగం లెంతు లెక్కలోకి వస్తుందా? మాకు రాలేదు. నా పన్నెండో లెంతు గోడకు రెండు బారల దూరంలో నీళ్లలో కలిసిపోయింది.

– లెంతులు ఎవరు లెక్కపెడతారు? ఒక లేన్‌లో ఎంతమంది?

– స్పిన్ బైక్ కిలోమీటర్లను ఎలా లెక్కిస్తుంది? దీని సంగతి సైకిల్ దగ్గర వివరంగా చెబుతాను.

– మార్కులెలా? కొన్నిచోట్ల మూడింటిలో విడివిడిగా వచ్చిన స్థానాలు కూడతారు, కొన్నిచోట్ల దూరాలకు పాయింట్లు కట్టి కలుపుతారు.

– కరెంటు పోతే ఏం చేస్తారు? నవ్వకండి. మా ముందు బ్యాచ్ పరుగెత్తుతుండగా కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా ట్రెడ్‌మిల్ అంకెలన్నీ సున్నాకు వచ్చాయి. ఎవరెంత పరుగెత్తారో ఎవరూ రాసి పెట్టుకోలేదు. పది నిమిషాలు పంచాయితీ నడిచింది.

ఆడవాళ్లు ఇంకొకటి కూడా అడగాలి: బ్యాచ్ వేరుగా ఉంటుందా, బట్టలు మార్చుకునే గది పూల్‌కు ఎంత దూరం, ఒళ్లంతా కప్పే స్విమ్ సూట్‌కు అభ్యంతరం ఉందా అని. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా ఉండే నైలాన్ సూట్లు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. కాటన్ చుడీదార్‌తో మాత్రం చాలా పూల్స్‌లో దిగనివ్వరు.

డాక్టర్ దగ్గరికి ఒకసారి

నలభై దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌కు చూపించుకోండి. ట్రయథ్లాన్‌లో ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు ఎక్కువగా ఈతలోనే జరుగుతాయి. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం అనిపిస్తే లేన్ తాడు పట్టుకుని చెయ్యెత్తండి. పూల్ దగ్గర లైఫ్‌గార్డ్ లేకుంటే ఆ పోటీకి పోవద్దు, ఫీజు కట్టేసినా సరే.

ఈత: బాయిని మర్చిపోవడం

మూడింటిలో తక్కువ సమయం ఈతదే, ఎక్కువ సాధన అవసరమైందీ ఇదే. సైకిల్‌కూ పరుగుకూ ఒంట్లో దమ్ముంటే ఎలాగో నెట్టుకొస్తాం. నీళ్లలో దమ్మున్నా పద్ధతి లేకపోతే నాలుగు లెంతులకే అయిపోతుంది.

మనలో ఈత వచ్చినవాళ్లు చాలామంది బావుల్లో, చెరువుల్లో నేర్చుకున్నవాళ్లే. నిజం చెప్పాలంటే బావిలో ఈత అంటే ఎక్కువసేపు దూకడం, కాసేపు తేలడం. ఇటు గోడ నుంచి అటు గోడకు నాలుగు చేతులేస్తే చేరిపోతాం. తల ఎప్పుడూ నీళ్లపైనే ఉంటుంది, ఎవడు మీద దూకుతాడోనని చూసుకోవాలి కదా. పూల్‌లో మొదటి రోజు నన్ను చూసి అక్కడి కోచ్ కుర్రాడు అన్నాడు: "బాయిల ఈదినట్టు ఈదితే ఇక్కడ నడవదు సార్. మీరు నీళ్లల్ల నిలబడుతున్నరు. పండుకోవాలె."

ఆ ఒక్క మాటలో సగం విద్య ఉంది. తల పైకి లేస్తే నడుము, కాళ్లు కిందికి మునుగుతాయి. అప్పుడు ఒళ్లంతా ఏటవాలు పలకలాగా నీటిని నెట్టుకుంటూ పోవాలి. ముఖం నీళ్లలో పెట్టి, చూపు అడుగున గీసిన నల్ల గీత మీద ఉంచితే నడుము దానంతట అదే పైకి తేలుతుంది.

రెండో సగం ఊపిరి. కొత్తవాళ్లు ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగబడతారు. తల పక్కకు తిప్పిన ఆ ఒక్క క్షణంలోనే పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి. రెండూ కుదరవు. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుని, గాలి చాలట్లేదనే కంగారు మొదలవుతుంది. నాకు నాలుగో లెంతు చివర్లో అయింది అదే. మందు సులువు: నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో, నోటితో బుడగలు వదులుతూనే ఉండాలి. తల తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే పని. ఇది అలవాటు కావడానికి గోడ పట్టుకుని, ముఖం ముంచి బుడగలు వదలడం, పక్కకు తిప్పి పీల్చడం రోజూ ముప్పై సార్లు చేయండి. చిన్నపిల్లలు పక్కన నిలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఫ్రీస్టైలే (బోర్లా పడుకుని ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేసే ఈత) ఈదాలని ట్రయథ్లాన్‌లో నియమం లేదు. బ్రెస్ట్ స్ట్రోక్ (కప్పలా ఈదడం), వెల్లకిలా ఈత, మీకు వచ్చిన ఏదైనా చెల్లుతుంది. అలిసిపోతే గోడ పట్టుకుని ఆగినా తప్పు లేదు. నా పక్క లేన్‌లో ఒక నర్సమ్మ ఈదింది. పది నిమిషాలూ బ్రెస్ట్ స్ట్రోకే, ఎక్కడా ఆగలేదు, తొందరపడలేదు. ఆమె లెక్క 13 లెంతులు, నాది 11. మొదటి నాలుగూ నేనే ముందున్నాను.

గోడను వాడుకోండి. మలుపు దగ్గర రెండు పాదాలతో గోడను తన్ని, చేతులు ముందుకు చాచి బాణంలా జారితే మూడు మీటర్ల దాకా ఊరికే వస్తుంది. పది మలుపులకు ముప్పై మీటర్లు, అంటే 25 మీటర్ల పూల్‌లో ఒక లెంతు పైన. నీళ్లలో పల్టీ కొట్టి తిరిగే మలుపు ఒలింపిక్స్‌లో చూడటానికి బాగుంటుంది, మనకు అవసరం లేదు.

సాధనలో లెంతులు లెక్క తప్పడం ఖాయం. ఆరా, ఏడా అన్న అనుమానం అయిదో లెంతు నుంచే మొదలవుతుంది. నేను పూల్ గట్టు మీద పది చింతగింజలు పెట్టుకునేవాణ్ని. పోయి వచ్చిన ప్రతిసారీ ఒక గింజ కుడివైపుకు జరపడం. ఒక గింజ అంటే 50 మీటర్లు. మొదటి వారం పది నిమిషాల్లో మూడు గింజలు కూడా జరగలేదు. పోటీ నాటికి అయిదున్నర. మొదటిసారి దిగేవాళ్లు 250 నుంచి 400 మీటర్ల మధ్య ఈదితే మంచి లెక్కే.

సాధనకు పూల్ దొరక్కపోతే కాలువల్లో దిగొద్దు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పైకి నెమ్మదిగా కనిపిస్తాయి, లోపల లాగేస్తాయి. గట్లు సిమెంటు, పాచి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పానగల్లు ఉదయసముద్రం చెరువులోనూ వద్దు. ఆ కట్ట మీద పరుగెత్తండి, అది చాలు.

సైకిల్: సీటు, నాబ్, స్క్రీన్

చిన్నప్పుడు కత్తెర తొక్కుడు తొక్కినవాళ్లకు స్పిన్ బైక్ ఏం లెక్క అనుకుంటాం. అది సైకిల్ కాదు, సైకిల్ వేషం వేసుకున్న యంత్రం. ముందున్న బరువైన చక్రానికి పెడల్ నేరుగా తగిలించి ఉంటుంది. వేగంగా తొక్కుతూ ఒక్కసారిగా కాళ్లు ఆపితే చక్రం ఆగదు, మీ కాళ్లనే తిప్పుకుంటూ పోతుంది. మోకాలు పట్టేస్తుంది. మెల్లగా వేగం తగ్గించాలి, లేదా బిగింపు నాబ్‌ను (తొక్కుడు బరువుగానో తేలికగానో చేసే మరను) కిందికి నొక్కాలి. చాలా స్పిన్ బైకులకు బ్రేకు అదే. ఎక్కగానే ముందు అదెక్కడుందో చూసుకోండి.

సీటు ఎత్తు పోటీ మొదలవకముందే సరిచేసుకోవాలి. బైక్ పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తులో ఉండాలి. ఎక్కి కూర్చుని, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగుతుంది. అదే సరైన ఎత్తు. సీటు కడ్డీ మీద అంకెలో రంధ్రాలో ఉంటాయి. నాది ఏడో రంధ్రం. మీది ఎన్నోదో అరచేతి మీద పెన్నుతో రాసుకోండి. నేను ఈ పని చేయకుండా ఎక్కి, నాలుగో రంధ్రంలో ఉన్న సీటు మీద మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే పది నిమిషాలు తొక్కాను. ఆగి సరిచేసుకుంటే దూరం పోతుందని ఆశ. ఆగితే పోయే ముప్పై సెకన్ల కంటే ఆ ఆశకే ఎక్కువ పోయింది.

ఇప్పుడు కిలోమీటర్ల సంగతి. మామూలు స్పిన్ బైకులు చాలావాటిలో చక్రం ఎన్నిసార్లు తిరిగిందన్న దాన్ని బట్టే దూరం చూపిస్తాయి. ఎంత బిగింపు మీద తొక్కారన్నది వాటికి పట్టదు. అలాంటి బైక్ మీద నాబ్ బాగా బిగించి చెమటోడ్చడం వృథా. తేలిక బిగింపు పెట్టుకుని కాళ్లు చకచకా ఆడించాలి. ఖరీదైన యంత్రాలు వేరు, అవి మీరు పెట్టిన బలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అక్కడ బిగింపు పెంచితే దూరమూ పెరుగుతుంది. మీ పోటీలో ఏ రకమో తెలుసుకోవడానికి జిమ్‌కు వెళ్లి రెండు నిమిషాలు తొక్కి చూస్తే చాలు: కాళ్ల వేగం మార్చకుండా నాబ్ బిగించండి. దూరం పెరిగే తీరు మారకపోతే అది మొదటి రకం.

పూర్తిగా వదులుగా పెట్టుకుంటే మాత్రం సీటు మీద ఎగిరెగిరి పడతారు, నడుము పోతుంది. సీటు మీద నడుము కదలకుండా ఉండేంత బిగింపు ఉండాలి. నిమిషానికి 80 నుంచి 90 చుట్లు అనుకోండి. స్క్రీన్ చూపించకపోతే కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 21 వస్తే 84.

గదిలో సైకిల్ తొక్కడంలో ఒక మోసం ఉంది. గాలి తగలదు. రోడ్డు మీదైతే చెమట పట్టినంతసేపట్లో ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ చెమట కారుతూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం కాలుతుంది. ఫ్యాన్ కింద ఉన్న బైక్ ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి. హ్యాండిల్ మీద చిన్న టవల్, పక్కన నీళ్ల సీసా ఉండాలి. పది నిమిషాలకోసారి నాలుగు గుక్కలు. దాహం వేసేదాకా ఆగితే పరుగులో తెలుస్తుంది.

ముప్పై నిమిషాలను మూడు పదులుగా చూడండి. మొదటి పది నిమిషాలు ఈత ఆయాసం తగ్గేదాకా, పక్కనున్నవాళ్లతో రెండు మాటలు మాట్లాడగలిగేంత తేలికగా. రెండో పది నిలకడగా. మూడో పదిలో వేగం పెంచి, ఆఖరి రెండు నిమిషాలు మళ్లీ తేలిక బిగింపు మీద కాళ్లు వదులు చేసుకోవడం. నా ఆఫీసు మిత్రుడు తర్వాత అడిగాడు, "అరగంట తొక్కి యాడికి పోయినవ్?" అని.

పరుగు: కాళ్లు మీవి కాని మొదటి రెండు నిమిషాలు

సైకిల్ దిగి పరుగు మొదలుపెట్టగానే కాళ్లు మైనంలా అనిపిస్తాయి. అరగంట గుండ్రంగా తిరిగిన కండరాలను ఉన్నట్టుండి మన బరువు మోయమంటే వాటికి తోచదు. అందరికీ అంతే. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ రెండు నిమిషాలు మనం కదిలే బెల్టు మీద ఉంటాం.

కాబట్టి ట్రెడ్‌మిల్ ఎక్కేటప్పుడు ముందు బెల్టుకు రెండు వైపులా ఉండే గట్ల మీద కాళ్లు పెట్టి నిలబడండి. ఎర్ర తాడు క్లిప్పు చొక్కాకు తగిలించండి, పడిపోతే యంత్రం ఆగుతుంది. బెల్టు నెమ్మదిగా కదలడం మొదలయ్యాక దిగి నడవండి, తర్వాత వేగం పెంచండి. స్పీడు గంటకు కిలోమీటర్లలో చూపిస్తుందో మైళ్లలోనో చూసుకోండి. మైళ్ల యంత్రం మీద 8 నొక్కితే అది దాదాపు 13 కిలోమీటర్ల వేగం.

లెక్క ముందే వేసుకోవడం మంచిది, బెల్టు మీద బుర్ర పనిచేయదు. నేను చేసింది ఇది: మొదటి 3 నిమిషాలు గంటకు 7 కిలోమీటర్ల వేగం, తర్వాత 12 నిమిషాలు 8, చివరి 5 నిమిషాలు 9. మొత్తం 2.7 కిలోమీటర్లు. మొదటి నుంచీ 9 మీద పరుగెత్తితే 3 కిలోమీటర్లు వచ్చేవి కదా అనిపిస్తుంది. పక్క ట్రెడ్‌మిల్ కుర్రాడు అదే చేసి ఎనిమిదో నిమిషంలో నడకకు దిగాడు. నడవడం తప్పేం కాదు. గంటకు 6 కిలోమీటర్ల జోరు నడకతోనైనా ఇరవై నిమిషాల్లో 2 కిలోమీటర్లు వస్తాయి.

ముందున్న కడ్డీ పట్టుకుని పరుగెత్తడాన్ని చాలాచోట్ల ఒప్పుకోరు. పట్టుకున్నా నడుము వంగి ఊపిరి ఆడదు. అయిదు నిమిషాలకోసారి దూరం గట్టిగా చెప్పి పక్కన నిలబడ్డ వాలంటీర్‌తో రాయించుకోండి. కరెంటు కథ చెప్పాను కదా.

ఎనిమిది వారాలు ఎలా గడపాలి

నేను అయిదు వారాలే చేశాను, అదీ ఆఫీసు పనుల మధ్య. ఎనిమిది ఉంటే హాయి. వారానికి మూడు పూటలు ఈత, రెండు పూటలు పరుగు, ఒక పూట సైకిల్, ఒక రోజు పూర్తి విశ్రాంతి.

మొదటి రెండు వారాలు ఈతలో దూరం మాట ఎత్తొద్దు, బుడగలు, తేలడం, గోడ తన్ని జారడం ఇవే. పరుగు కూడా ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఇరవై నిమిషాలు. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున అయిదున్నరకు నడిచే పెద్దమనుషులు మిమ్మల్ని దాటిపోతారు, పట్టించుకోకండి. మహబూబ్‌నగర్ వాళ్లకు పెద్ద చెరువు కట్ట ఉండనే ఉంది.

మూడు, నాలుగు వారాల్లో ఈత ఆగకుండా నాలుగు లెంతులకు, పరుగు మూడు నిమిషాలు, నడక ఒక నిమిషానికి తేవాలి. సైకిల్ అరగంట. మామూలు సైకిల్ మీద పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దాకా పోయి రావచ్చు, కానీ వారానికి ఒకసారైనా స్పిన్ బైక్ ఎక్కండి. పిర్రలకు ఆ సీటు అలవాటు కావాలి. ఇది ఎవరూ చెప్పని విషయం.

అయిదో వారం నుంచి ప్రతి ఆదివారం సైకిల్, పరుగు కలిపి చేయండి. ఇరవై నిమిషాలు తొక్కి, దిగిన వెంటనే పది నిమిషాల పరుగు. మైనం కాళ్ల సంగతి పోటీ రోజు మొదటిసారి తెలిస్తే భయపడతాం. నాలుగు ఆదివారాలు చేస్తే అది పాత చుట్టం అవుతుంది. ఏడో వారంలో ఒకసారి మొత్తం వరసను సగం సమయంతో చేసి చూడండి: 5, 15, 10. బట్టలు మార్చుకోవడంతో సహా.

ఎనిమిదో వారం తగ్గించండి. చివరి రెండు రోజులు ఏమీ వద్దు. ఈ వారంలోనే మనసు ఆగదు, ఇంకొంచెం చేద్దామనిపిస్తుంది.

సంచి, తడి బనియన్

పది నిమిషాల విరామం చాలా ఎక్కువ అనుకున్నాను. తడి ఒంటి మీద కాటన్ టీషర్ట్ వేసుకుని చూడండి. చేతులు దూరుతాయి, తల దూరుతుంది. తర్వాత వీపు మధ్యలో బట్ట తాడులా చుట్టుకుపోయి కిందికి రాదు. రెండు చేతులూ వెనక్కి పెట్టి, గిరగిర తిరుగుతూ దాన్ని పట్టుకోవాలని నేను పడిన పాట్లు చూసి ఒక తాతగారు లేచి వచ్చి, "నిలబడు బిడ్డా" అని వెనక నుంచి లాగారు. మనవణ్ని చూడటానికి వచ్చాడాయన.

టవల్స్ రెండు పెట్టుకోండి, ఒకటి ఒంటికి, ఒకటి సైకిల్‌కు. చొక్కా వదులైన పాలిస్టర్‌ది, వీలైతే ముందు జిప్ ఉన్నది. మోకాళ్ల దాకా ఉండే బిగుతు స్విమ్ షార్ట్స్ వేసుకుంటే వాటి మీదే పరుగు నిక్కరు తొడుక్కోవచ్చు, గదిలోకి పోయే పని ఉండదు. సాక్సుల్లో కాస్త పౌడర్ చల్లితే తడి పాదం సులువుగా దూరుతుంది. షూ లేసులు ముందే వదులు చేసి పెట్టండి. కొత్త గాగుల్స్ పోటీ రోజే మొదటిసారి పెట్టుకోవద్దు, నీళ్లు కారతాయో లేదో సాధనలోనే తెలియాలి.

ముందు రోజు, ఆ పొద్దున

రాత్రి రోజూ తినేదే తినండి. పోటీ కదా అని ఎవరో చెప్పిన కొత్త పౌడర్లు, జెల్‌లు వద్దు. పొద్దున రెండు, రెండున్నర గంటల ముందు రెండు ఇడ్లీలో, అరటిపండో, రాగిజావో. నేను గంట ముందు ఉప్మా, పల్లి చట్నీ తిన్నాను. ఈతలో ప్రతి మలుపు దగ్గరా ఆ చట్నీ నన్ను పలకరించింది.

అరగంట ముందు చేరుకుని మూడు పనులు చేయండి: సీటు ఎత్తు చూసుకోవడం, లెంతులు లెక్కపెట్టే మనిషిని కలవడం, రెండు లెంతులు మెల్లగా ఈది ఒళ్లు వేడి చేసుకోవడం. నా లెంతులు లెక్కపెట్టింది ఇంటర్ చదివే అమ్మాయి. ముందే పేరు చెప్పి, క్యాప్ రంగు చూపించి, "నేను గోడ తాకినప్పుడల్లా అంకె గట్టిగా చెప్పమ్మా" అన్నాను. నా మొత్తం పోటీలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

విజిల్ పడ్డాక మొదటి రెండు లెంతులు మీకు సిగ్గనిపించేంత నెమ్మదిగా ఈదండి. పక్కవాళ్లు ముందుకు పోతారు, జనం అరుస్తారు, చేతులు వాటంతటవే వేగం పెంచుతాయి. అక్కడే పట్టుకోవాలి. ఆయాసం మొదటి రెండు నిమిషాల్లో పెరిగితే మిగతా ఎనిమిదిలో తగ్గదు. నాకు సైకిల్ మీద మొదటి పది నిమిషాలూ తగ్గలేదు.

దిగాక

ట్రెడ్‌మిల్ ఆగగానే కూర్చోవద్దు. కాళ్లలోకి చేరిన రక్తం పైకి రాక కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాలు అటూ ఇటూ నడవండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక గ్లాసు, గంటలోపు కడుపునిండా భోజనం. బండి మీద ఒక్కరే దూరం పోయేలా ఉంటే కాసేపు ఆగి పొండి.

అక్కణ్నుంచి కదిలే ముందు మూడు అంకెలు ఫోన్‌లో రాసుకోండి, ఫలితాల బోర్డును ఫొటో కూడా తీసుకోండి. నావి 11 లెంతులు, 12.4 కిలోమీటర్లు, 2.7 కిలోమీటర్లు. వాటి కింద సీటు రంధ్రం అంకె, పొద్దున ఏం తిన్నారో, ఎక్కడ ఊపిరి ఆడలేదో కూడా రాయండి. సాయంత్రానికి మర్చిపోతారు.

మర్నాడు మెట్లు ఎక్కడం ఫర్వాలేదు, దిగడమే కష్టం. తొడల ముందు భాగం పట్టేస్తుంది. రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టు దిగండి. రెండో రోజు ఇంకా ఎక్కువ ఉంటుంది, మూడో రోజు నుంచి తగ్గుతుంది. మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉంది. ఆ సోమవారం నేను టీ కిందికి దిగి తాగలేదు, పైకి తెప్పించుకున్నాను.